మగ్గం గుంటలో పీకల్లోతు

మునిగిపోవాలంటే కృష్ణలో దూకనక్కర్లేదు. సుడిగుండాలతో పని లేకుండా, మర్యాదస్తుల ఇంట్లో, నట్టింట్లో, ఇంటావిడ ఇచ్చిన టీ చల్లారేలోపే మునగవచ్చు. నేను మునిగాను. నాతోపాటు నా బతుకుతెరువూ, ఎవరో పెళ్లివారి చీరలూ కూడా మునగబోయాయి. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, ఆరోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు నేను విజయవాడలో కొత్తగా బయల్దేరిన ఫ్రీలాన్స్ ఫొటో జర్నలిస్టుని. వినడానికి గొప్పగానే ఉంటుంది. అసలు అర్థం ఏమిటంటే, ఏ పేపరూ నాది కాదు అని. అన్ని పేపర్లకూ ఫొటోలు పంపేవాణ్ణి. వేసేది ఒక్క పేపరు, అదీ వాళ్లకు బుద్ధి పుడితే. అక్కడ న్యూస్ ఎడిటర్ మూర్తి గారు. ఆయన "చూస్తాం" అంటే చూడరనీ, "బావుంది" అంటే వెయ్యరనీ, ఏమీ అనకుండా ఫోను పెట్టేస్తే వేస్తారనీ కొన్నాళ్లకు కనిపెట్టాను. ఫోను మోగితే నాకు గుండె దడ. మోగకపోతే ఇంకా దడ.

ఆ వానాకాలం కృష్ణకు వరదొచ్చింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ఊళ్లో కెమెరా ఉన్నవాళ్లూ, ఫోను మాత్రమే ఉన్నవాళ్లూ అందరూ బ్యారేజీ దగ్గరే. నా ఫొటోకీ, నా పక్కన సెల్ఫీ తీసుకున్నతని ఫొటోకీ తేడా ఒక్కటే: అతని ఫొటోలో అతనైనా ఉన్నాడు. అయినా పంపాను. మూర్తి గారే ఫోను చేశారు.

"గేట్లు మా దగ్గర బోలెడున్నాయయ్యా. నాకు వరదలో మనిషి కావాలి. సాయంత్రంలోగా పంపితే మొదటి పేజీకి చూస్తా. లేదంటే ఇక పంపటం మానెయ్, మెయిల్ నిండిపోతోంది."

ఉన్న ఒక్క పేపరూ పోతే నేను ఫ్రీలాన్స్ కూడా కాను, ఉత్త ఫ్రీ. కెమెరాకు పాలిథిన్ సంచి చుట్టి, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి పట్టుకున్నట్టు గుండెలకు హత్తుకుని, స్కూటరు మీద పామర్రు దారి పట్టాను. దారి పొడుగునా పొలాల్లో నీళ్లే. ఆశ పుట్టింది. పామర్రు దాటాక నేతవాళ్లుండే ఒక ఊరిలోకి నీళ్లొచ్చాయని టీకొట్టు దగ్గర చెప్పారు. ఆశ ఇంకా పెరిగింది.

తీరా వెళ్లి చూస్తే వీధిలో నీళ్లు చీలమండల దాకానే. ఒకాయన లుంగీ ఎగ్గట్టి, ఆ నీళ్లలోనే నిలబడి, తాపీగా పళ్లు తోముకుంటున్నాడు. ఊరు మునగలేదని దిగులుపడ్డ మనిషి ఆ ఊరి చరిత్రలో నేనొక్కణ్ణే అయివుంటాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం మూర్తి గారి గొంతు తప్ప నాకేమీ వినపడలేదు.

ఇల్లిల్లూ తొంగి చూసుకుంటూ వెళుతుంటే, ఒక ఇంట్లో నట్టింట్లో సగం మనిషి కనిపించాడు. నడుము నుంచి పైభాగం మాత్రమే ఉంది. కంగారు పడకండి, మిగతా సగం మగ్గం గుంటలో ఉంది. ఆ ఇళ్లలో మగ్గం కింద నేలలో గుంట ఉంటుంది. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. వీధి నీళ్లు గడప దాటి వచ్చి ఆ గుంటను నింపేశాయి. నేత వీరాస్వామి గారు అందులో దిగి బకెట్‌తో తోడుతున్నారు. తోడినకొద్దీ మళ్లీ వస్తున్నాయి.

"లోపలికి రా బాబూ. గుంట చూసుకో, నేలా అదీ ఒకటే రంగులో ఉన్నాయి," అన్నారు ఆయన భార్య నాంచారమ్మ గారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నేసిన చీరలన్నీ అటక మీద భద్రంగా ఉన్నాయని ఆవిడే చెప్పారు. గవర్నర్‌పేటలో ఒక బట్టల షావుకారు గారు ఇచ్చిన పెళ్లి ఆర్డరట. నీళ్లొస్తున్నాయని తెలియగానే ముందు వాటిని ఎక్కించి, తరవాత బియ్యం ఎక్కించారట. నేను ఊ కొడుతున్నానే గానీ, నా కళ్లు గుంట మీదే ఉన్నాయి.

"బాబాయ్ గారూ, ఒక్క నిమిషం అందులో కూర్చుంటారా?"

"కూర్చుంటే తోడటం ఎట్టా బాబూ?"

"ఫొటోలో మీ కష్టం తెలియాలి కదండీ."

"నడుం లోతులో కష్టం లేదా?" అన్నారు నాంచారమ్మ గారు.

"ఉందండీ. కానీ కనపడదండీ."

వీరాస్వామి గారు మొహమాటస్తులు. ఇంటికొచ్చినవాడు అడిగాడని గుంటలో చతికిలబడ్డారు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఫొటో అనగానే అలవాటు కొద్దీ ఆయన నవ్వారు. "నవ్వొద్దండీ, నవ్వితే కష్టం తెలియదు," అని సర్ది, గడప దగ్గర బోర్లా పడుకుని, కెమెరాను నీళ్ల మట్టానికి దించాను. చీలమండల లోతు వీధి, మంచం మీద పొడిగా నిద్రపోతున్న పిల్లి, నాంచారమ్మ గారు పెట్టిన టీ గ్లాసు, ఏవీ ఫొటోలో పడలేదు. పడింది నీళ్లు, మగ్గం కొయ్యలు, వాటి మధ్య ఒక తలకాయ.

కింద "వరద నీటిలో నేత కార్మికుడు" అని మాత్రమే రాసి పంపాను. లోతు రాయలేదు. చూశారా, ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత నీతిమంతుణ్ణి. మూర్తి గారు ఫోను చేసి, ఊరి పేరు అడిగి, ఏమీ అనకుండా పెట్టేశారు. నేను స్కూటరు మీద పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చాను.

తెల్లారి మొదటి పేజీలో, పేజీకి అడ్డంగా, "పీకల్లోతు నీటిలో నేతన్న!" పీకల్లోతు అన్న మాట నాది కాదు, డెస్కువాళ్లది. పీక మాత్రం నేను సప్లై చేసిందే. మా వీధి టీకొట్టులో పేపరు తెరిచి పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని పక్కనే నిలబడ్డాను. ఆ ఆనందం రెండో టీ దాకా కూడా ఉండలేదు. వీరాస్వామి గారి ఫోను వచ్చింది.

"బాబూ, మా వీధిలోకి పడవొచ్చింది."

"పడవా?"

"ట్రాక్టరు మీద. దింపటానికి నీళ్లు లేవు. పీకల్లోతు ఎక్కడని అడుగుతున్నారు."

ఆయన నన్ను పట్టివ్వలేక, రాత్రికి రాత్రే నీళ్లు తీసేశాయని చెప్పి పడవవాళ్లను పంపించేశారట. ఈలోగా బందరు నుంచి ఆయన బావమరిది శోకాలు పెట్టుకుంటూ దిగాడట. అన్నీ చెప్పి, అసలు సంగతి చివర్లో చెప్పారు.

"షావుకారు గారు కూడా పేపరు చూశారు. మగ్గమే మునిగితే చీరలేం మిగులుతాయి, తడిసిన సరుకు పెళ్లివారికివ్వను, వేరేచోట తెప్పించుకుంటానన్నారు. పొడిగా ఉన్నాయంటే నమ్మటం లేదు. నెలల తరబడి నేశాం బాబూ. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు."

ఆయన తిట్టివుంటే బావుండేది. తిట్టలేదు. నిజం చెబితే అది మూర్తి గారి దాకా వెళుతుంది, నా పేపరు పోతుంది. చెప్పకపోతే ఆ ఇంటి పెళ్లి ఆర్డరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ నా పరిస్థితి. గొయ్యి నిజంగానే నా వెనకాల ఉందని అప్పటికింకా తెలియదు. భయంతో ఫోను ఆపేశాను. ఎవరు చేస్తున్నారోనన్న భయంతో మళ్లీ పెట్టాను. కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. "పొడిగా ఉన్నాయంటే నమ్మటం లేదు" అన్న మాట చెవిలోంచి పోలేదు. చివరికి లేచి గవర్నర్‌పేట వెళ్లాను.

షావుకారు కోటేశ్వరరావు గారి ముందు అదే పేపరుంది. ఆ ఫొటో తీసింది నేనేననీ, అక్కడ నీళ్లు చీలమండల దాకానేననీ చేతులు కట్టుకుని చెప్పాను. ఆయన ఫొటో చూశారు, నన్ను చూశారు.

"వీరాస్వామి పంపించాడా నిన్ను?"

"కాదండీ, నిజం చెప్పటానికే వచ్చానండీ."

"పీక దాకా కనపడుతుంటే! నీ మాట నమ్మనా, నా కళ్లను నమ్మనా?"

అబద్ధానికి ఒక్క క్లిక్కు సరిపోయింది, నిజానికి కారు కావలసివచ్చింది. ఎంతైనా వీరాస్వామి గారి నేత మీద ఆయనకు గురి. "సరే పద, చూసే వద్దాం," అని పేపరు చంకలో పెట్టుకుని, నన్ను కారెక్కించారు. పామర్రు దాకా ఆయన నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవటం మంచిదో చెడ్డదో తేల్చుకోలేక నేను దారంతా చెమటలు కక్కాను.

ఇంట్లో నీళ్లు బాగా తీసేశాయి, నేల మీద పల్చటి బురదనీరు మిగిలింది. వీరాస్వామి గారు మూట దించి మంచం మీద విప్పారు. షావుకారు గారు ఒక్కో అంచూ వేళ్లతో నలిపి, వాసన కూడా చూశారు. పొడి చీరలే. అయినా ఆయన ముఖంలో అనుమానం తగ్గలేదు. "ఇవి పొడిగానే ఉన్నాయి. రేపు పెళ్లివారు ఈ పేపరు చూపించి అడిగితే నేనేం చెప్పను?" అన్నారు.

నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. సాక్ష్యంగా ఫొటో తీసిస్తానన్నాను. నాంచారమ్మ గారిచ్చిన టీ కిటికీలో పెట్టి, ఇద్దరి చేతా చీర పట్టించాను. ఫ్రేములో షావుకారు గారి పొట్ట పట్టలేదు. మా వృత్తిలో దానికి ఒకటే మందు, వెనక్కి జరగటం. కంటికి కెమెరా పెట్టుకున్నవాడికి వెనక ప్రపంచం ఉండదు.

"ఒక్క అడుగు వెనక్కి వేస్తానండీ."

"బాబూ, గుంట..." అన్నారు నాంచారమ్మ గారు.

ఎవరు తవ్విన గోతిలో వారే పడతారని సామెత. నేను తవ్వను కూడా తవ్వలేదు, వీరాస్వామి గారి తాత తవ్వినదాంట్లో పడ్డాను. కూలబడ్డవాణ్ణి కూలబడ్డట్టే ఉండి, కెమెరాను రెండు చేతులతో ఆకాశానికెత్తాను. నీళ్లు సరిగ్గా పీక దాకా వచ్చాయి.

షావుకారు గారు చంకలో పేపరు తీసి ఫొటో చూశారు. నన్ను చూశారు. మళ్లీ పేపరు చూశారు. "ఓహో, ఇదా పీకల్లోతు!" అని పొట్ట పట్టుకుని నవ్వటం మొదలుపెట్టి, నవ్వుతూనే ఫొటోకి ఫోను తీసి నా మీదికి గురిపెట్టారు. ఏం చెయ్యాలో తోచక నేను కూడా ఒక వెర్రినవ్వు నవ్వాను.

"నవ్వొద్దు బాబూ," అన్నారు వీరాస్వామి గారు నెమ్మదిగా. "నవ్వితే కష్టం తెలియదు."

చీరలు ఆ కారులోనే వెళ్లాయి. ఆ ఫొటో పెళ్లివారికి వెళ్లింది, పెళ్లివారి నుంచి చుట్టాలకు వెళ్లింది, పొద్దుగూకేసరికి మూర్తి గారి ఫోనుకు చేరింది. తడిసి గానీ గుడిసె వెయ్యడంటారు; నేను మునిగి గానీ ఆయనకు నిజం చెప్పలేదు. అంతా విని ఆయన ఏమీ అనకుండా ఫోను పెట్టేశారు. ఈసారి దానికి అర్థం వేరు. మర్నాడు పేపర్లో చిన్న సవరణ వచ్చింది, ఆ వానాకాలమంతా నా ఫొటో ఒక్కటీ రాలేదు.

తరవాత మళ్లీ వేస్తున్నారు, ఆయన చల్లగా ఉండాలి. కానీ నేనేం పంపినా ముందు ఒకటే ప్రశ్న. మొన్న కొండపల్లి బొమ్మలవాళ్ల ఫొటోలు పంపాను. ఎండలో ఆరబెట్టిన చెక్క ఏనుగులు. వెంటనే ఫోను.

"లోతెంతయ్యా?"

అందుచేత పాఠక మహాశయులారా, వీరాస్వామి గారి మగ్గం గుంట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నీళ్లలో నిలబడ్డ మనిషిని ఈ జన్మలో మళ్లీ కూర్చోమనను. ఒకవేళ నోరు జారి అన్నానంటే, ముందు నేను కూర్చుంటాను.