పాలకు తగిలిన కన్ను

మొన్నామధ్య మా కోడలు వంట చేస్తూనే, దుబాయిలో ఉన్న మా కొడుకుతో వీడియో కాల్‌లో, రొమ్ములో గడ్డలాంటిదేదో చేతికి తగిలిందని, రేపు కోరుట్ల నుంచి పొద్దుటి బస్సుకే జగిత్యాల పోయి చూపించుకుంటానని, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పేసింది. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా చేతులు ఆగిపోయాయి. భయంతో అనుకునేరు, అసూయతో. రొమ్ము అన్న మాట మొగుడి ముందు కాదు గదా, కన్నతల్లి ముందు కూడా అనలేని కాలం మాది.

అసూయ నాకు కొత్త కాదు. అప్పట్లో సిరిసిల్లలో మా అత్తగారి మగ్గాల ఇంటికి నా తరువాత మూడేండ్లకు వచ్చిన యారాలు, అంటే మా మరిది భార్య, ఏడాది తిరగకుండానే మగపిల్లవాణ్ణి ఎత్తుకుంది. నాకు పిల్లలు కాలేదు. ఆమె పాలిస్తుంటే, నేను నూలు కండెలు చుట్టుకుంటూ ఓరకంట చూసేదాన్ని, కడుపు మండిపోయేది. పిల్లలు లేనిదాని కన్ను పాలకు తగులుతుందని మా వైపు నమ్మకం కాబట్టి, నేను అటు వస్తే చాలు, కొంగు కప్పుకొమ్మని మా అత్త ఆమెకు సైగ చేసేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, అయినా చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

పిల్లవాడికి ఏడాది దాటాక ఒకనాడు స్నానం చేస్తూ, వీపు రుద్దమని పిలిచి, యారాలు నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టింది. లోపల చింతగింజంత గడ్డ, గట్టిగా తగిలింది.

"పాలు గడ్డకట్టినట్టున్నయ్ అక్కా. నొప్పి లేదు. అత్తకు చెప్పకు, నీ కండ్లే తగిలినయంటది" అన్నది.

నన్ను కాపాడాలనుకుంది పిచ్చిది. నా కన్నే తగిలిందని నేనూ నమ్మాను, అందుకే నోరు మూసుకున్నాను. ఎవరూ లేనప్పుడు ఉప్పు, మిరపకాయలు ఆమె చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, దాంతో దిష్టేనని ఇద్దరికీ రూఢి అయిపోయింది. అట్లా ఆదివారం ఆదివారం దిష్టి తీస్తూ ఏడాది గడిపేశాం. చివరికి అది పుండై, దాచలేక పట్నం ఆసుపత్రికి తీసుకుపోతే, ఇన్నాళ్ళూ ఏం చేశారని డాక్టరమ్మ అడిగింది. యారాలు నావైపు ఒకసారి చూసి తల దించుకుంది, నా పేరు చెప్పలేదు. పిల్లవాడికి మూడేండ్లు నిండకముందే పోయింది. మరిది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పిల్లవాడు నా ఒళ్ళోకి వచ్చాడు. ఇప్పుడు దుబాయిలో ఉన్నది వాడే.

మా కోడలు జగిత్యాలలో సూదితో పరీక్ష చేయించుకుని, నాలుగు రోజులకు ఉత్త కొవ్వు గడ్డేనట అని నవ్వుతూ వచ్చింది. సంతోషపడ్డాను, ఎందుకు పడను? కానీ లోపల అదే పాత మంట. ఈ కాలపు ఆడపిల్లలకు ఇంత తేలికగా వచ్చేసిన ఆ ఒక్క మాట, ఆనాడు మా ఇద్దరిలో ఒక్కరికైనా నోట వచ్చి ఉంటే, వాడు ఇవాళ నన్ను అమ్మా అని కాక, పెద్దమ్మా అని పిలుస్తూ ఉండేవాడు.