పలువురు అంటే నేనొక్కణ్ణే

ఆ రోజుల్లో నా వయసు ఇరవై నాలుగు, నా చొక్కా వాసన మాత్రం మధ్యాహ్నం దాకా అమ్ముడుపోని చేపల గంపది. ఒక దినపత్రికకి ఇందుకూరుపేట మండలం నుంచి వార్తలు రాసే కంట్రిబ్యూటరుని. అంటే పత్రిక ఉద్యోగినీ కాను, కానని చెబితే ఊళ్ళో ఒప్పుకునేదీ లేదు. తెల్లవారితే మైపాడు ఒడ్డున పడవలు వచ్చే చోట నిలబడి ఎవరి వలకి ఏం పడిందో కనుక్కోవడం, ఎండెక్కాక రొయ్యల గుంటల గట్ల మీద తిరగడం, మధ్యాహ్నం బస్సెక్కి నెల్లూరు ఆఫీసులో వార్తలు ఇచ్చి రావడం నా దినచర్య. మిగతా మండలాల వాళ్ళు వార్తల కవరు బస్సులో వేసి పంపేసేవాళ్ళు. నేను మాత్రం స్వయంగా మోసుకెళ్ళేవాణ్ణి. డెస్కులో ఒక కుర్చీ ఖాళీ కాబోతోందని ఎవరో చెప్పగా విన్నాను. (ఆ చెప్పినవాడు కూడా ఆ కుర్చీ కోసమే రోజూ వస్తున్నాడని తర్వాత తెలిసింది.)

డెస్కు పెద్దని మేమందరం కత్తెర సారు అనేవాళ్ళం. ఆయన తలెత్తి మనిషిని చూడగా నేను చూడలేదు. నేను గడప దాటగానే, కాపీ మీంచి కళ్ళు తియ్యకుండానే, "మైపాడొచ్చినట్టుండాది, ఆ కిటికీ తీయండయ్యా" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదని ఇప్పుడు అనిపిస్తుంది. చేపలు పట్టేవాళ్ళ దయవల్ల వార్తలు సంపాదించుకుంటూ, ఆ చేపల వాసనకి సిగ్గుపడటం అనే గొప్ప గుణం నాలో అలా మొదలైంది.

సరిగ్గా అప్పుడే మా బావ కువైట్ నుంచి సెలవు మీద వచ్చి నాకో సెంటు సీసా ఇచ్చాడు. బంగారు రంగు మూత, ముందు కాళ్ళెత్తిన గుర్రం బొమ్మ. "నాడి కొట్టుకునే చోట పుయ్యాల బామ్మర్దీ. చెవుల ఎనక, మెడకి రెండు పక్కలా, మణికట్ల మీద. ఒక్కో చుక్క చాలు" అని వైద్యుడిలా చెప్పాడు. చోట్లు గుర్తుపెట్టుకున్నాను, చుక్క సంగతి మర్చిపోయాను. వరికి మందు కొట్టినట్టు కొట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే అది గౌరవం అనుకున్నాను. ఆఫీసు గడప దాటగానే కత్తెర సారు, "పెళ్ళికొడుకొచ్చినాడు, ఆ కిటికీ తీయండయ్యా" అన్నాడు. కిటికీ ఎలాగూ తెరిచారు గానీ, చేపల గంప నుంచి పెళ్ళికొడుకు దాకా ఎదిగానన్న సంతోషంతో నాకు ఆ సంగతి తట్టలేదు.

మూడు నెలలు అలా గుబాళించాను. నాలుగో నెలలో ఒక పొద్దున చెవుల వెనక దురద మొదలైంది. మర్నాటికి మెడకి రెండు పక్కలా ఎర్రగా కందింది. ఆ తర్వాత మణికట్ల మీద సన్నటి పొక్కులు లేచి, చెమ్మగిల్లి, పొట్టు రాలడం మొదలైంది. నేనుండేది మా పెద్దమ్మ ఇంట్లో. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో ఇరుగుపొరుగుకి తప్ప ఎవరికీ జడవని మనిషి ఆమె. చలవ చేస్తుందని గంధం సబ్బు తెచ్చింది. చెమటకని మల్లెల వాసన పౌడరు అద్దింది. మందుల షాపాయన నా మొహమైనా చూడకుండా ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. అది రాస్తే రెండు రోజులు తగ్గేది, మానేస్తే రెట్టింపయ్యేది. ఆ ట్యూబు వాసన నాకు నచ్చలేదు. అందుకని దాని మీద ఇంకాస్త సెంటు కొట్టుకునేవాణ్ణి. (చదివేవాళ్ళు ఇక్కడ ఆగి నన్ను నాలుగు తిట్టుకోవచ్చు. నేనైతే రోజూ తిట్టుకుంటాను.)

చివరికి పెద్దమ్మే తేల్చేసింది. "చేపలు మునుపటి చేపలు కాదురా. చెడిపోకుండా ఏందో మందులో ముంచి తెస్తన్నారంట. అదే నీ ఒంట్లో పొడుస్తా ఉండాది" అంది. ఎవరన్నారంటే, అందరూ అంటున్నారంది. ఇంట్లో చేపలు మానేశాం. పది రోజులు మా పొయ్యి మీద పులుసు వాసన లేదు. ఎదురింటివాళ్ళు ఎవరికైనా బాగాలేదా అని వచ్చి అడిగి వెళ్ళారు. దురద మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. బుద్ధున్నవాడైతే చేపలది కాదేమో అనుకుంటాడు. నేను విలేకరిని కదా, మందు అంత లోతుగా ఇంకిపోయిందన్నమాట అనుకుని కాగితం ముందు కూర్చున్నాను.

ఆ వార్త ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "మైపాడు తీరం నుంచి వస్తున్న చేపలు తిని పలువురు చర్మవ్యాధుల బారిన పడుతున్నారు. చేపలు పాడవకుండా రసాయనాల్లో ముంచుతున్నట్లు స్థానికులు ఆరోపిస్తున్నారు. అధికారులు తక్షణం స్పందించాలని బాధితులు కోరుతున్నారు." ఇందులో పలువురు అంటే నేను. స్థానికులు అంటే పెద్దమ్మ. బాధితులు అంటే మళ్ళీ నేనే. అధికారుల్లో ఎవరినీ అడగలేదు గనక వాళ్ళు స్పందించకపోవడం మాత్రం పచ్చి నిజం. మా వృత్తిలో ఇది పెద్ద విద్య. ఒక మనిషిని పలువురు చెయ్యాలంటే పేరు తీసేస్తే చాలు. కత్తెర సారు ఆ రోజు మొదటిసారి తలెత్తి నా మొహం చూసి, "కూర్చో నాయనా" అన్నాడు. మర్నాడు జిల్లా పేజీలో బాక్సు కట్టి వేశారు. పైన "చేప తింటే దద్దురే!" అని శీర్షిక. ఏ చెరువులోనిదో, సముద్రమే ఎరగని చేప ఫోటో ఒకటి పక్కన.

మూడు రోజులు పోయాక, పొద్దున పదకొండు గంటలప్పుడు, మా వాకిట్లో దబ్బుమని గంప దిగిన చప్పుడైంది. కానగంతల అక్క. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని షేర్ ఆటోలో తెచ్చి సెంటర్లో కూర్చుని అమ్ముతుంది. కానగంత చేపలు ఆమె దగ్గర కొన్నవాళ్ళు ఇంకొకరి దగ్గర కొనరని ఆ పేరు. గంప నిండుగా ఉంది. అడుగునుంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వేనా రాసింది?" అంది.

"అంటే అక్కా, స్థానికులు చెప్పినదాన్ని బట్టి..."

"ఎవురా స్థానికులు? పేరు చెప్పు. వాళ్ళింటికే పోయి కనుక్కుంటా."

వంటింట్లోంచి మా పెద్దమ్మ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసుకుంది.

"మూడు దినాలుగా తెచ్చింది తెచ్చినట్టు పారబోస్తండా. ఇరవయ్యేళ్ళుగా నా దగ్గర కొనే టీచరమ్మ కూడా నన్ను చూసి రోడ్డు దాటి పోయింది. ఇంకో వారం ఇట్టనే ఉంటే నేను గంప బోర్లించి ఇంట్లో కూసోవాల. ఏదీ, ఆ దద్దురు నాకు చూపించు."

చూపించాను. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసినట్టు బొటనవేలితో నా గడ్డం ఎత్తి చూసింది. చెవి మడిచి చూసింది. మణికట్లు తిప్పి చూసింది.

"నా చేపల్ని తిన్నావా, మెడకి పూసుకున్నావా?"

"తిన్నానక్కా."

"తింటే చెవెనక ఎందుకు పొడుస్తాది? అదీ కొలత పెట్టి గీసినట్టు ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. ఈ చోట్ల ఏం పూస్తావు నువ్వు?" అని దగ్గరికొచ్చి వాసన చూసి, వెంటనే రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో! ఏందిది, దోమల మందా?"

"సెంటు. కువైట్‌ది" అన్నాను, ఇంకా కాస్త గర్వం మిగిలి ఉండబట్టి.

"చేపల కంపు పోవాలని అది పూసుకున్నావు. అది నిన్ను కొరికింది. పేరు నా చేపలకి పెట్టినావు. పేపరయ్యా, నీది ఎంత తెలివబ్బా!" అని గంప ఎత్తుకుంటూ, "నెల్లూరికి పోయి మంచి చర్మం డాక్టరుకి చూపించు. చేపలదే అంటే రేపట్నుంచి నేను గంప ఎత్తను. కాదంటే మాత్రం ఎట్ట రాసినావో అట్టనే తుడవాల" అంది.

నెల్లూరులో చర్మం డాక్టరమ్మ నా మెడ చూసి పది నిమిషాల పాటు నా రోగం గురించి ఒక్క మాటా అడగలేదు. ఏ సబ్బు, ఏ పౌడరు, ఏ తలనూనె, గడ్డానికి ఏం రాస్తారు, బట్టలు దేంతో ఉతుకుతారు అని అడుగుతూ రాసుకుంది. "మూడు నెలలు వాడాను మేడం, ఏమీ కాలేదు, సెంటు ఎలా అవుతుంది?" అన్నాను తెలివిగా. "అలర్జీ అలాగే వస్తుందండీ. ఒంటికి నచ్చనిది నెలలు ఓర్చుకుని, ఏళ్ళు కూడా ఓర్చుకుని, ఒకరోజు ఇంక కుదరదంటుంది. అన్నాక జీవితాంతం మాట మార్చదు. అదీ పూసిన గంటలో రాదు, ఒకటి రెండు రోజులాగి వస్తుంది. అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు" అంది. మరి చేపల సంగతేమిటని, అక్క అన్నమాట కూడా చెప్పి అడిగాను. "చేప పడనివాళ్ళూ ఉంటారు. వాళ్ళకి తిన్న కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, పెదాలు వాస్తాయి, ఒక్కోసారి ఊపిరాడదు కూడా. చెవుల వెనక చోటు చూసుకుని కూర్చోదు. మీ అక్కెవరో నాకంటే ముందే చెప్పింది కదా!"

అయినా రుజువు కావాలన్నాను. నా వీపు మీద చిన్న చిన్న బిళ్ళలు వరసగా అంటించింది. ఒక్కో బిళ్ళలో ఒక్కో అనుమానితుడు. రెండు రోజులు స్నానం చెయ్యకూడదు, చెమట పట్టకూడదు. నెల్లూరు జిల్లాలో, ఎండాకాలంలో, చెమట పట్టకూడదు! ఇంట్లో రెండు ఫ్యాన్ల మధ్య బోర్లా పడుకుని, పక్కకి తిరగకుండా, ఎండుచేపలా గడిపాను. పెద్దమ్మ ప్రార్థన చేసుకుంటూ మధ్యమధ్య తడిగుడ్డతో నా పాదాలు తుడిచింది. (పాపం, ఆమె కూడా ఆ స్థానికుల తరఫున పశ్చాత్తాప పడుతోందేమో.) బిళ్ళలు తీసిన రోజునే సెంటు దినుసుల బిళ్ళ ఉన్న చోట ఎర్రబడింది. ఇంకో రెండు రోజులకి చూపించుకుంటే అక్కడే చిట్లిన పొక్కులు, మిగతా వీపంతా పసిపిల్లవాడి వీపు.

అప్పుడు డాక్టరమ్మ చదివిన చిట్టా విని నాకు కళ్ళు తిరిగాయి. సెంటు సరే. గంధం సబ్బులో ఉన్నదీ సెంటే, మల్లె పౌడరులో ఉన్నదీ సెంటే. తలనూనె, షేవింగ్ నురగ, బట్టల పొడి, అన్నిట్లో అదే. నేను చేసిన వైద్యమంతా రోగానికి మేపు! సహజం, మూలికలు అని రాసినంత మాత్రాన నమ్మొద్దంది. పువ్వుల్లోంచి తీసిన నూనైనా పడనివాడికి పడదు. వాసన రాదు కదా అని ఊరుకోవద్దట, అసలు వాసనని కప్పడానికి ఇంకో వాసన కలిపేవాళ్ళూ ఉంటారట. సెంటు కలపలేదని అట్ట మీద స్పష్టంగా రాసి ఉంటేనే కొనాలి. కొన్నా సరే, మోచేతి మడతలో చిన్న చోట వారం పది రోజులు రోజూ రాసి చూసి, ఏమీ కాకపోతేనే మిగతా ఒంటికి. మందుల షాపు ట్యూబు మాత్రం చెత్తబుట్టలో వేయించి, తను రాసిచ్చింది ఎన్ని రోజులో అన్ని రోజులే వాడమంది. మూడు వారాల్లో మెడ మామూలైంది. అన్నీ మానేసి మిగిలిందేమిటని చూసుకుంటే, చేపలు మిగిలాయి.

ఇక తుడిచే పని. సవరణ రాసుకుని కత్తెర సారు ముందు పెట్టాను. చదివి, "మనమే రాసి మనమే కాదంటే చదివేవాడు మనల్నేమనుకుంటాడు? కావాలంటే సెంటు అలర్జీ మీద ఆరోగ్యం పేజీకి రాయి" అన్నాడు. రాశాను. బాగా వేశారు. చివర్లో "మైపాడు చేపలకీ ఈ దద్దుర్లకీ సంబంధం లేదు, ఆ వార్త నా తప్పు" అన్న రెండు వాక్యాలు మాత్రం కత్తెరలో పోయాయి. అసలు ఆ రెండు వాక్యాల కోసమే మిగతాదంతా రాశాను.

ఆ పేజీ మడిచి పట్టుకుని సెంటర్‌కి వెళ్ళి కానగంతల అక్కకి ఉన్నదున్నట్టు చెప్పాను. గంపలో సగం పైగా అలాగే ఉంది. ఆమె తిట్టలేదు. పక్కనున్న పీట చూపించి, "పేపరు తుడవకపోతే మనిషి తుడవాల. కూసో" అంది. పన్నెండు రోజులు కూర్చున్నాను. ఎవరు దగ్గరగా నడిచినా ఆమె గొంతెత్తేది. "రండమ్మా రండి, పేపర్లో రాసినాయన ఈయనే! చేపలు కాదంట, కువైటు సెంటంట! మెడ చూడండి, చూడండి సిగ్గుపడబాకండి!" నేను కాలరు కిందికి లాగి చూపించేవాణ్ణి. కొందరు చెవి మడిచి మరీ చూశారు. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఈ ఒక్క మెడకా పలువురు అని రాశావు? తెలుగు నీకు ఎవరు చెప్పారు?" అని అడిగి కిలో కానగంతలు తీసుకుంది. పన్నెండో రోజు తొమ్మిదిన్నరకే గంప ఖాళీ అయింది. అడుగున దాచిపెట్టిన నాలుగు బొమ్మిడాయిలు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టి, "ఇంక రాబాక. నీ మొహం చూసి బేరాలు ఆగిపోతాయి" అంది. నవ్వుతోందో లేదో గంప అడ్డంలో కనిపించలేదు.

డెస్కులో ఆ కుర్చీ అప్పుడు దాని సంగతి నాకు చెప్పినవాడికే వచ్చింది. నాకు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. ఇప్పుడు ఆ కిటికీ పక్కన నేనే కూర్చుంటున్నాను. గుర్రం బొమ్మ సీసా ఇంట్లో బీరువా అడుగున అంగుళం సెంటుతో అలాగే ఉంది. చెయ్యి చాపి దూరంగా మూత తీస్తే, అద్దం ముందు చెవులు తడుముకుంటూ నిలబడిన ఆ ఇరవై నాలుగేళ్ళ పెళ్ళికొడుకు కనిపిస్తాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, నవ్వయ్యాక కాస్త జాలి కూడా వేస్తుంది. మొన్న విడవలూరు నుంచి ఒక కొత్త కుర్రవాడు వార్త పంపాడు. మొదటి వాక్యంలోనే "పలువురు అస్వస్థతకు గురయ్యారు" అని ఉంది. ఫోన్ చేసి, "ఎంతమంది నాయనా? పేర్లు చెప్పు" అన్నాను. అవతల కాగితాలు అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటూ ఉండగా, నాకు తెలియకుండానే నా చెయ్యి చెవి వెనక్కి వెళ్ళి గోకుతోంది.