పెద్దత్త ఫోన్లో కచ్చా స్టేషన్

ఆ రోజుల్లో మూలపడిన వస్తువు కంటపడితే చాలు, నా చేతులు ఊరుకునేవి కావు. (బాగున్నవాటిని కూడా మూలపడేస్తానని ఇంట్లో నాకు పేరుండేది.) ఊరి పక్క సిల్తారాలో ఒక ఉక్కు కర్మాగారంలో, కంప్యూటర్ల గదిలో కొత్త ఉద్యోగం. రాయపూర్‌లోనే పుట్టి పెరిగినవాణ్ణి, హిందీలో అనర్గళంగా దెబ్బలాడగలను గానీ తెలుగులో మంచినీళ్లు అడగడానికి కూడా తడుముకునేవాణ్ణి. అమ్మానాన్నలు కూడా మాతో హిందీకే అలవాటుపడ్డారు. ఇక ఇంట్లో నోరారా తెలుగు మాట్లాడేవి రెండే గొంతులు. ఒకటి, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరై మా దగ్గరుంటున్న నాన్న అక్క, మా పెద్దత్తది. రెండోది, ఆవిడ పాత బొత్తాల ఫోన్లోని ఇంటర్నెట్ రేడియోది. ప్రార్థన కాగానే కళ్లజోడు లేకుండా బొత్తాం తడిమి తెలుగు స్టేషన్ పెట్టుకునేది.

ఒకరోజు ఆ రేడియో యాప్ నడిపేవాళ్లు దాన్ని మూసేశారు. అత్త ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. "నాతో తెలుగులో మాట్లాడేది ఇదొక్కటేరా. ఇదీ చుప్ అయిపోయింది" అంది. "టెన్షన్ మత్ లో, బువా" అన్నాను, కంగారుపడొద్దని, అలవాటుగా హిందీలోనే. కొత్త ఫోను కొంటానంటే వద్దంది. ఆవిడ వేళ్లకు ఆ బొత్తాలే తెలుసు.

విషయమేంటని వెతికి చూస్తే, ఆ యాప్ స్టేషన్ల జాబితా కోసం మూతపడిన సర్వర్ దగ్గరికే ఇంకా వెళ్లి తలుపు తడుతోంది. దాన్ని మా ఇంటి కంప్యూటర్ వైపు మళ్లించి, నేను తయారుచేసిన జాబితా ఇచ్చాను. పరీక్ష కోసం నా గొంతే రికార్డు చేసి మొదటి స్టేషన్‌గా పెట్టాను: "నమస్కారం. ఈ రోజు ధర్సీవా వైపు బారిష్ పడే అవకాశం ఉంది. ఇంట్లో బెండకాయ కూర."

తీరా చూస్తే అసలు తెలుగు స్టేషన్లు ఒక్కటీ ఆ పాత ఫోన్లో పలకలేదు. పలికింది నేనొక్కణ్ణే. అత్త శ్రద్ధగా విని, "ఎవడో గానీ తెలుగు మరీ కచ్చాగా, పచ్చిపచ్చిగా ఉంది. పాపం, నేర్పేవాళ్లు లేరేమో" అంది. మర్నాడు, "నిన్నటి బెండకాయే చెబుతున్నాడేంట్రా?" అని అడిగింది. రేడియో నేనే బాగుచేస్తానని బడాయిలు పోయాను కదా, ఓటమి ఒప్పుకోలేను. అప్పట్నుంచి డ్యూటీకి వెళ్లేముందు వంటింటి పక్క గదిలో నక్కి, వానా, కరెంటు కోతా, కూరా కొత్తగా చదవడం మొదలుపెట్టాను. (రెండు పూటలా బీపీ మాత్ర వేసుకోవాలని శ్రోతలకు సలహా కూడా ఇచ్చాను.)

ఎట్టకేలకు కిటుకు దొరికి అసలు స్టేషన్లు పలికాయి. గర్వంగా నా గొంతు తీసేసి ఫోను చేతికిచ్చాను. అత్త కాసేపు విని తిరిగిచ్చేసింది.

"వీళ్ల తెలుగు బంగారంలా ఉంది. మా కచ్చా అబ్బాయిని ఎందుకు తీసేశావు?"

"ఎప్పుడు తెలిసింది, అత్తా?" అన్నాను. తెలుగులోనే వచ్చేసింది.

"మొదటి రోజే. వెనకాల మన కుక్కర్ కూసింది కదరా. చెప్తే మానేస్తావని ఊరుకున్నాను."

ఇప్పుడా ఫోను ఛార్జింగ్ ఎక్కదు. అత్తకి చెవి మందగించింది. సాయంత్రాలు ఎదురుగా కూర్చుని వాన సంగతీ కూర సంగతీ చెబుతుంటే, మధ్యలో నా చొక్కా బొత్తాం పట్టుకుని తిప్పుతుంది, శబ్దం పెంచమని. పెంచుతాను. అత్త పక్కన కూర్చుని చెప్పేయగల నాలుగు ముక్కల కోసం అన్ని తిప్పలు పడ్డ అప్పటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద ప్రేమ కూడా కలుగుతుంది.