అత్తయ్య ఫోనులో తోడికోడలి వేలు

మా అత్తయ్య ఫోనుకు మా తోడికోడలి బొటనవేలే తాళంచెవి. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అత్తయ్య జీవితమంతా మిరపకోతలకూ పత్తితీతలకూ వెళ్లిన మనిషి. వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ మిషను మీదే ఆవిడ ముద్ర ఒక పట్టాన పడదు, ఇక ఫోనేం గుర్తుపడుతుంది? అంకెలు నొక్కుదామంటే చూపు ఆనదు. పోనీ లాకు లేకుండా ఉంచుకోమంటే ససేమిరా అంటుంది. అందుకని పోయినేడు కొత్త ఫోను కొన్న రోజే చిన్నకోడలి వేలు ఎక్కించుకుంది. పెద్దకోడలిని, బళ్లో టీచర్ని, అదే ఇంట్లో రెండడుగుల దూరంలో ఉన్నాను. నన్ను మాటవరసకైనా అడగలేదు.

"అమ్మాయ్, ఓసారి వేలియ్యవే" అని పిలిచేది రోజుకు ఎన్నిసార్లో. చిన్నది చేతికి పిండి ఉన్నా తుడుచుకుని పరిగెత్తుకెళ్లి వేలు పెట్టేది. ఫోను తెరుచుకోగానే తల గోడవైపు తిప్పుకునేది. అబ్బో, ఏం నటనో అనుకునేదాన్ని. పెళ్లిపీటల మీద కూడా అంత వయ్యారం పోయుండదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఉండబట్టలేక అడిగేశాను.

"నా వేలు కూడా ఎక్కించండి అత్తయ్యా. నాకేం వేళ్లు లేవా?"

"ఒకటి చాల్లేమ్మా" అంది, బైబిలు అలమరలో పెడుతూ.

మా ఆయనతో చెప్పుకుంటే పకపకా నవ్వాడు. "వేళ్లకి కూడా వంతులేంటే?" అన్నాడు. ఆ పూట ఆయనకు పచ్చడి మెతుకులే పెట్టాను.

ఆ ఫోనులో ఏముంటుందో నాకు తెలియంది కాదు. పెనుగొలనులో అత్తయ్య వాళ్ల అక్క ఉంది, నేను పెద్దత్తయ్య అంటాను. చదువు రాదు. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని తన మాటలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతుంది. ఈవిడా చిన్నది నేర్పిన గుర్తుల మీద నొక్కి అలాగే జవాబిస్తుంది. అక్కాచెల్లెళ్లిద్దరికీ అదే లోకం.

చిన్నది కాన్పుకు రెడ్డిగూడెం పుట్టింటికి వెళ్లింది. లోలోపల పండగ చేసుకున్నాను. ఇక నేనే కదా దిక్కు! ఫోను టింగుటింగుమని మోగుతూనే ఉంది. పెద్దత్తయ్యకు ఒంట్లో బాగాలేదు, ఏం చెబుతోందోనని ఈవిడకు అన్నం సయించడం లేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుందే తప్ప నన్ను పిలవలేదు.

నేనే చిన్నదానికి ఫోన్ చేశాను. "ఆ లాకు నంబరు చెప్పు, నేను తెరుస్తా."

"అత్తయ్యని అడక్కుండా ఎలా చెప్పనక్కా?"

చూశారా పొగరు! "ఇదిగో, ఆవిడ్నే అడుగు" అని నా ఫోను అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, "చెప్పొద్దులేమ్మా. రేపు నేనే వస్తా" అంది.

ఫోను తెరిపించుకోవడానికి తిరువూరులో బస్సెక్కి రెడ్డిగూడెం వెళ్లిన మనిషి మా అత్తయ్య ఒక్కతే అయ్యుంటుంది. ఒంటరిగా ఎలా పంపుతాం అంటూ నేనూ బయల్దేరాను. నిజానికి నన్ను బస్సెక్కించింది కడుపుమంట. టికెట్టు తీసుకోగానే అడిగేశాను.

"నేనేం పరాయిదాన్నా అత్తయ్యా?"

అత్తయ్య కిటికీలోంచి మామిడితోటల వైపు చూస్తూ చెప్పింది. "కొడుకు చెయ్యి చేసుకున్నాడని అక్క నాకు చెప్పుకుంది. అప్పుడు పాత ఫోను, నువ్వే పెట్టి వినిపించావు. సాయంత్రానికల్లా మన చర్చి ఆడవాళ్ల గ్రూపులో పెట్టేశావు, ప్రార్థన చేయమని."

"ప్రార్థన కోసమే కదా! చాడీలేమైనా చెప్పానా?"

"పేరుతో సహా పెట్టావమ్మా. పెనుగొలను చేరడానికి ఎంతసేపు? వాడు దాని ఫోను లాక్కున్నాడు. క్రిస్మస్ వెళ్లేదాకా దాని గొంతే వినలేదు నేను."

ఆ రోజు గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి. ఎంత సంబరపడ్డానో.

రెడ్డిగూడెంలో చిన్నది నిండు పొట్టతో ఆయాసపడుతూ వచ్చి, వేలు పెట్టి, తల తిప్పుకుంది. అత్తయ్య ఫోను చెవికి ఆనించుకుని వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏమైందని చిన్నది అడగలేదు. నాకు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"నేను వచ్చేదాకా అక్క వేలు ఎక్కిద్దాం అత్తయ్యా" అంది చిన్నదే. ఖర్మ, దాని సిఫార్సు నాకు!

అత్తయ్య నా వైపు తిరిగింది. "తల తిప్పుకుంటావా?"

"తిప్పుకుంటాను" అన్నాను.

మర్నాడు మా ఇంట్లో "వేలియ్యమ్మా" అన్న పిలుపు నాకొచ్చింది. స్టవ్ కట్టేసి పరిగెత్తాను. వేలు పెట్టాను, ఫోను తెరుచుకుంది. తల తిప్పి గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఎంత గర్వమో చెప్పలేను. అత్తయ్య నొక్కగానే పెద్దత్తయ్య గొంతు నీరసంగా వినిపించింది.

"నీ పెద్దకోడలు దగ్గర్లో లేదు కదే? ఉంటే తర్వాత విను."

అత్తయ్య టక్కున ఆపేసింది. నా వైపు చూడలేదు.

చిన్నది పక్కనున్నప్పుడు పెద్దత్తయ్య ఏనాడైనా ఇలా అడిగిందా అని నోటిదాకా వచ్చింది. పెరట్లోకి వెళ్లి, లోపలి మాటలు వినపడకుండా పంపు పూర్తిగా తిప్పి, గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.