కాని పనులకు ఫ్రెంచ్‌ల ఒక కాలం

నేను కరీంనగర్‌ల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల ఇంగ్లిష్ చెప్త. మా దగ్గర పిల్లలు రెండో భాషగ ఫ్రెంచ్ తీస్కుంటరు. పారిస్ మీద ప్రేమతోని కాదు, మార్కులు మంచిగ పడుతయని. ఫ్రెంచ్ సారు ఉన్నట్టుండి మానేసి హైదరాబాద్ పోయిండు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఇంగ్లిష్ వచ్చినోళ్లకు ఫ్రెంచ్ ఎంతసేపు మేడం అన్నడు. ఆయనకు రెండూ అంతంత మాత్రమే కాబట్టి అంత ధైర్యంగ అనగలిగిండు. అట్ల నేను దూరవిద్యల ఫ్రెంచ్ డిప్లొమాల చేరిన.

ఆఖరి పాఠాలల్ల ఒక కాలం ఎదురువడ్డది. ఎన్నడూ జరగని పని, జరిగి ఉంటే ఎట్లుండేదో చెప్పుకునే కాలం. దీన్ని ఇప్పుడు ఫ్రాన్స్‌ల కూడ ఎవ్వరు మాట్లాడరని, పాత పుస్తకాలల్లనే ఉంటదని ఆన్‌లైన్‌ల చెప్పే పాండిచ్చేరి మేడం అన్నది. మరి మాకెందుకు అని అడిగితే, సిలబస్‌ల ఉన్నది కాబట్టి అన్నది.

పరీక్ష దగ్గర పడ్డంక, పిల్లలను మా ఆయనకు అప్పజెప్పి చెన్నూరుకు, తల్లిగారింటికి, మా అవ్వ దగ్గరికి పోయిన. ముందటి అర్రల కూసోని 'చెప్పడం' అనే క్రియను పట్టుకున్న. 'నేను చెప్పి ఉంటే' అనేది వాళ్ల భాషల 'జ్యూస్ ది' అని పలుకుతది. జ్యూస్ ది, జ్యూస్ ది అని గట్టిగ చదువుతుంటే అవ్వ వంటింట్ల నుంచి గిలాసతోని వచ్చింది. జ్యూస్ జ్యూస్ అని మొత్తుకుంటున్నవని నిమ్మకాయ పిండుకొచ్చిన, తాగు అన్నది. తాగి, మిగిలిన రూపాలు మొదలుపెట్టిన. అవి చానమట్టుకు యూస్, యూస్ అనే పలుకుతయి. అవ్వ కాసేపు నిలవడి విని, యూస్ యూస్ అంటున్నవు గని దేనికి యూస్ బిడ్డా అది అని అడిగింది.

అప్పుడే పెద్దమ్మ మంచిర్యాల నుంచి బస్సు దిగి వచ్చింది. మా అవ్వకు సొంత అక్క. పక్కింటోళ్లతోని కారు మాట్లాడుకుని కొండగట్టు గుడికి పోయొచ్చి, ప్రసాదం తెచ్చింది. అవ్వ ప్రసాదం కండ్లకు అద్దుకున్నది. స్వామికి దండం పెట్టింది. పెద్దమ్మతోని మాత్రం మాట్లాడలే. తనను పిలవకుండ పోయిందని ఆమె కోపం. పెద్దమ్మ రెండు మూడు మాటలు కదిపి చూసింది, కోడలెట్లున్నది, వానలెట్లున్నయి అని. ఆఖరికి అవ్వ నోరు తెరిచింది.

"నువ్వు ఒక్క మాట చెప్తే నేను వస్తుంటి."

"నీ మోకాళ్లు మంచిగుంటె నేను చెప్తుంటి" అన్నది పెద్దమ్మ.

కారు గుట్ట మీది దాక పోతది, నా మోకాళ్లతోని ఏం పని అని అవ్వ. సీటు ఒక్కటే ఖాళీగుండె అని పెద్దమ్మ. సీటు లేకుంటే వెనుక ఇరికి కూసుంటుంటి అని అవ్వ. నేను పెన్ను పట్టుకుని అట్లనే ఉండిపోయిన. వారం నుంచి నా నెత్తికెక్కని కాలంల వీళ్లిద్దరు తడబడకుండ కొట్లాడుకుంటున్నరు. వస్తుంటి, అంటే వచ్చి ఉండేదాన్ననే. వస్తుంటి, వస్తుంటివి, వస్తుండె. చిన్నప్పటి నుంచి నేనూ మాట్లాడేదే గని, దానికి రూపాలు రాసుడు ఎన్నడు పడలే. వాళ్ల మాటలను ఒక్కొక్కటి ఫ్రెంచ్‌లకు మార్చి రాసుకున్న.

పెద్దమ్మ చూసింది. మేం కొట్లాడుకుంటుంటే ఏం రాస్తున్నవే అని అడిగింది. సంగతి చెప్పిన. ఇద్దరు కోపం పక్కన పెట్టి, చదివి చూపియ్యుమన్నరు. ముందు అవ్వది చదివిన: "సి త్యూ మ ల్యూస్ ది, జ ఫ్యూస్ వెన్యు." తర్వాత పెద్దమ్మది: "సి తే జెను యూస్ ఎతే బోఁ, జ త ల్యూస్ ది."

అవ్వ మొఖం చిన్నగైంది. దానిది గంత పొడుగు చెప్పి నాది గింతే చెప్తివేంది అన్నది. పెద్దమ్మ మాటల మోకాళ్లున్నయి, అందుకే పొడుగైంది అని నచ్చజెప్పిన. అయితే నాదాంట్ల కూడ మోకాళ్లు పెట్టు అన్నది.

పెద్దమ్మకు నవ్వాగలే. కాని పనికి ఇంత వ్యాకరణం పెట్టుకున్నరా వాళ్లు, వేరే పనేం లేదా అన్నది.

"అక్కడ గూడ అక్కచెల్లెండ్లు ఉంటరు గద" అన్నది అవ్వ.

ఆ మాటతోని ఆమె కూడ నవ్వింది. పొద్దుమూకే వరకు ఇద్దరు కలిసి, వచ్చే మంగళవారం కొండగట్టుకు పోదామని కారు మాట్లాడుకున్నరు. ఈసారి సీట్లు ఖాళీగనే ఉన్నయి. నన్ను మాత్రం రమ్మనలే. నీకు ఆ రోజు పరీక్ష, సదువుకో అన్నరు.

మంగళవారం నేను కరీంనగర్‌ల పరీక్ష రాసిన. ఆ కాలం మీద ఒక్క మార్కు ప్రశ్న కూడ రాలే. మీరు చేసిన ఒక యాత్ర గురించి రాయుమని వచ్చింది. నేను ఆ పొద్దు పోని కొండగట్టుకు పోయినట్టు, మామూలు భూతకాలంల, తప్పులు రాకుండ రాసిన. కోతుల గురించి కూడ రెండు వాక్యాలు రాసిన.

సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది. దర్శనం మంచిగైందని చెప్పి, ఏం రాసినవని అడిగింది. చెప్పిన.

"అందుల నన్ను తీస్కపోయినవా?"

"తీస్కపోయిన. ముందు సీట్ల కూసోబెట్టిన."

"మరి మీ పెద్దమ్మ?"

ఆమె వెనుక ఇరికి కూసున్నదని చెప్పిన. అవ్వ ఆ మాట ఇంకోసారి చెప్పిచ్చుకున్నది. తర్వాత, నీకు మంచి మార్కులు పడుతయి బిడ్డా అన్నది.