జేబులోంచి తీయని చెయ్యి

సీ విక్సెన్ జెట్ విమానం పెద్దగా చప్పుడు చేసేది కాదంటాడు సిరిల్ పిండర్. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక ప్రార్థనామందిరం హాల్లో మంగళవారం మధ్యాహ్నాలు కూడే విమానాల పిచ్చివాళ్ళందరికీ ఆయన్ను ఏడిపించడానికి ఆ ఒక్క మాట చాలు. అది తల మీదుగా పోతే కిటికీ అద్దాలు ఊడిపడేవని తక్కిన వాళ్ళంతా ఒప్పుకుంటారు. సిరిల్ మాత్రం ఏడేళ్ళ వయసులో రాసుకున్న నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీ చూపిస్తాడు. "థార్ల్‌బీ, జూలై 1961. వాన. సీ విక్సెన్. చప్పుడు అంత లేదు." దాని కింద ఎర్ర సిరాతో గీత ఉంటుంది. స్వయంగా కళ్ళతో చూసిన విమానానికి తప్ప అక్కడెవరూ ఎర్ర గీత గీయరు. ఆ గీతను శంకించడమంటే మనిషిని శంకించడమే.

గీత గురించి ఎవరికీ పేచీ లేదు. ఆ రోజు ఆయన్ను థార్ల్‌బీ విమాన ప్రదర్శనకు తీసుకెళ్ళింది ఎవరన్నదే తేలలేదు.

నాన్నే తీసుకెళ్ళాడని సిరిల్ డెబ్బై ఏళ్ళు దాటేవరకూ చెప్పుకుంటూ వచ్చాడు. నాన్న పొలం పనివాడు. బీట్ దుంపలు కోసే యంత్రంలో ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. ఆయన మాట్లాడటమూ తక్కువే, పని మానుకోవడమూ తక్కువే. ఆయనతో కలిసి సిరిల్ వెళ్ళిన చోటంటూ జీవితం మొత్తం మీద ఉంటే అది థార్ల్‌బీ ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ అక్క ఈడ్నా ఒప్పుకోదు. "నాన్న పని మానుకుని విమానాలు చూడ్డానికి వచ్చాడా? నీ మొహం. నిన్ను తీసుకెళ్ళింది ఆర్నల్డ్ మావయ్య" అంటుంది. ఆమె నాలుగేళ్ళు పెద్దది. పైగా ఏదీ మరిచిపోదని పేరు.

ఒక మంగళవారం వాళ్ళలో ఒకావిడ, మౌరీన్, హాలుకు ఒక డబ్బా పట్టుకొచ్చింది. ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిన ఫిల్ము చుట్ట. డబ్బా మీద "థార్ల్‌బీ 61" అని పెన్సిల్‌తో రాసి ఉంది. పాత ఫిల్మును ప్రొజెక్టర్లో పదేపదే తిప్పితే తెగిపోతుందని, ముందే ఇంట్లో ఒక పల్చటి కాగితపు తెర మీద బొమ్మ వేసి, తెర వెనక నిలబడి ఫోనులో తీసుకుంది.

"సిరిల్, ముందు కూచో. ఫిల్ము తీసినవాడు కంచె దగ్గర జనాన్ని కూడా తీశాడు. చిన్న పిల్లలున్నారు" అంది.

"వీడు కనిపిస్తే తెలిసిపోతుందిలే," అన్నాడు లెన్, కేకు నములుతూ. "చెవుల్లో దూది పెట్టుకుని ఉంటాడు."

అందరూ నవ్వారు. సిరిల్ కూడా నవ్వుతూ ముందు వరస కుర్చీలో కూచున్నాడు.

మౌరీన్ ఫోనులోది గోడ మీద వేసింది. గోడ మీద వాన పడింది. తడి గడ్డి, తాడు కంచె, టోపీలు. కెమెరా జనం మొహాల వెంట మెల్లగా జరిగింది. పొడుగు కోటు వేసుకున్న ఒకతను, ఆయన పక్కన నిక్కరు వేసుకున్న కుర్రాడు. కుర్రాడి మోకాలికి కట్టు. ఆ వేసవిలో సిరిల్ సైకిలు మీంచి పడ్డాడు. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

"ఆపు, ఆపు," అన్నాడు సిరిల్.

బొమ్మ ఆగింది. టోపీ నీడలో ఆ మనిషి మొహం మసకగా ఉంది. ఒక చెయ్యి కోటు జేబులో ఉంది. రెండోది కుర్రాడి తల పక్కన ఉంది. ఎడమ చెయ్యి. సిరిల్ లేచి గోడ దగ్గరికి వెళ్ళి వేళ్ళు లెక్కపెట్టాడు. ఐదు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఐదే.

"మా నాన్న కాదు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "మా అక్కే కరెక్టు."

లెన్ కేకు ప్లేటు పక్కన పెట్టేశాడు. సిరిల్ వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ తను గుర్తు పెట్టుకున్నది ఎవరిని? ఇప్పటికీ ముక్కు మరిచిపోని ఆ తడి ఉన్ని వాసన, పొగాకు వాసన ఎవరి కోటువి? మావయ్య జ్ఞాపకానికి నాన్న మొహం తగిలించుకుని బతికాడా? లేక నాన్నే ఇంకేదో రోజు వచ్చాడా? తల నిండా దూది కూరినట్టుంది.

"మిగతాది చూద్దామా?" అని మెల్లగా అడిగింది మౌరీన్.

సిరిల్ తల ఊపాడు. మేఘం కింది నుంచి సీ విక్సెన్ వచ్చింది. జంట తోకలు. నల్లగా మెరిసే ముక్కు.

"అదేంటి!" లెన్ కుర్చీలోంచి లేచిపోయాడు. "పైలట్ గూడు కుడి పక్కనుంది!"

హాలంతా ఒక్కసారి గోల. సీ విక్సెన్‌లో పైలట్ కూర్చునే గాజు గూడు ముక్కు మధ్యలో ఉండదు, ఎడమ వైపుకు జరిగి ఉంటుంది. ఇంకెవరైనా అయితే గమనించేవాళ్ళు కాదు. ఇక్కడ మాత్రం టీ పోస్తున్న ఆవిడ కూడా గమనించింది.

"అలాంటిది ఒక్కటి కూడా తయారు చెయ్యలేదు."

"మౌరీన్, నువ్వు తెర వెనక నుంచి కదా తీశావు?"

మౌరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ. మొత్తం తిరగబడింది. అద్దంలో చూసినట్టు!"

ఏదో నొక్కి బొమ్మను సరిచేసి మళ్ళీ మొదటి నుంచి వేసింది. కంచె వచ్చింది. కోటు మనిషి వచ్చాడు. ఐదు వేళ్ళున్నది ఇప్పుడు కుడి చెయ్యి. జేబులో ఉన్నది ఎడమది.

"ఆ చెయ్యి ఎప్పుడన్నా బయటికి తీస్తాడేమో చూడు," అన్నాడు లెన్.

తీయలేదు. మూడుసార్లు చూశారు. విమానం దగ్గరికొచ్చినట్టుంది, జనమంతా రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. కంచె పొడుగునా తండ్రులూ తల్లులూ పిల్లల చెవులు రెండు అరచేతుల మధ్య బిగించారు. ఆ ఒక్క మనిషి మాత్రం జేబులోంచి చెయ్యి తీయకుండా, కుర్రాడి తలను తన కోటుకేసి గట్టిగా అదుముకుని, బయటికున్న చెవిని కుడి చేత్తో మూశాడు. విమానం పోయాక కూడా కాసేపు చెవి మీది చెయ్యి తీయలేదు.

లెన్ సిరిల్ వైపు తిరిగాడు. "అందుకేరా నీకు వినపడనిది," అన్నాడు. నవ్వలేదు.

సిరిల్ అక్కడికక్కడే ఈడ్నాకు ఫోను చేశాడు.

"థార్ల్‌బీ ఫిల్ము దొరికిందక్కా. నా చెవి ఒక చేత్తోనే మూశాడు, రెండో చెయ్యి జేబులోనే ఉంచాడు. అసలు తీయలేదు."

"ఆర్నల్డ్ మావయ్య పొగాకు పైపు జేబులోనే పట్టుకుని ఉండేవాడు," అంది ఈడ్నా. "ముట్టించిన పైపు జేబులో వేసుకుని రెండుసార్లు కోటు కాల్చుకున్నాడు. నీకు గుర్తు లేదూ?"

గుర్తుంది. చిక్కే అది. పొగాకు వాసన మరి ఇద్దరి దగ్గరా వచ్చేది.

"నాన్న నీ చెవులు మూసేవాడా అంటే," అంది ఆమె. "ఏమో. నావెప్పుడూ మూయలేదు. నాకు తెలీదురా."

ఈడ్నా తనకు తెలీదనడం సిరిల్ వినడం అదే మొదటిసారి. ఫోను జేబులో పెట్టుకుని నోటుపుస్తకం తెరిచాడు. ఎర్ర పెన్ను చొక్కా జేబులోనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. మౌరీన్ దగ్గర పెన్సిల్ అడిగి తీసుకుని, "చప్పుడు అంత లేదు" పక్కన "నాన్నతో" అని రాశాడు. కింద గీత గీయలేదు.

"ఇంకోసారి వెయ్యి," అన్నాడు మౌరీన్‌తో.