మా నాయన వేప చెంచా

మా వైపు చలికాలం చలితో మొదలవదు, వానతో మొదలవుతుంది. దీపావళి దాటాక సముద్రంలో ఎక్కడో వాయుగుండం పడుతుంది, ఆత్మకూరులో నా ఆటో ఆగిపోతుంది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి రోడ్డు మీద షేర్ ఆటో తోలడం నా పని. ముసురు పట్టిన వారంలో జనం బస్సుకే రారు, ఆటోకేం వస్తారు. అప్పుడు ఆటో మీద పట్ట కప్పి, నా మీద దుప్పటి కప్పుకుని ఇంట్లో కూర్చుంటాను.

నా భార్యకు ఏడాది మొత్తంలో ఇదే కష్టకాలం. ఖాళీగా కూర్చున్న మొగుడు ఏదో ఒకటి తయారు చేస్తానని లేస్తాడని ఆమెకు అనుభవం. ఒక ముసురులో కోళ్ళగూడు కట్టాను. కోళ్ళు తప్ప అందరూ మెచ్చుకున్నారు. ఇంకో ముసురులో పాత చీరలన్నీ పరిచి బొంత కుట్టాను. కుట్టు ముగించి లేవబోతే బొంత కూడా నాతోపాటు లేచింది. కట్టుకున్న లుంగీని కలిపి కుట్టేసి ఉన్నాను.

పోయిన చలికాలం మాత్రం పనిని నేను వెతుక్కుంటూ పోలేదు, అదే ఇంట్లోకి వచ్చింది.

దానికి ముందు ఎండాకాలం చివర్లో మా నాయనకు కుడిపక్క పక్షవాతం వచ్చింది. బతుకంతా గొర్రెల వెనక కొండాపురం చుట్టుపక్కల బీళ్ళన్నీ నడిచిన మనిషి. ఆస్పత్రి, మందులు, కాళ్ళూ చేతులూ ఆడించే కసరత్తులు అన్నీ అయ్యాక కాలు కొంత దారికొచ్చింది. మాట అంతకు ముందే వచ్చింది, మాటల్లో తిట్లు ఇంకా ముందొచ్చాయి. కుడిచెయ్యి మాత్రం రాలేదు. భుజం లేస్తుంది, మోచెయ్యి వంగుతుంది. వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. విప్పి వాటి మధ్య ఏదైనా పెడితే పట్టుకుంటాయి, అంతకు మించి ఏమీ చేయవు. అన్నం కలపడం, ముద్ద చేసుకోవడం వాటి వల్ల కాదు.

అందుకని నా భార్య తినిపించేది. ఆయన మూడు ముద్దలు తిని, ఆకలి లేదని మొహం తిప్పుకునేవాడు. రోగంతో ఆకలి కూడా చచ్చిందేమో అనుకున్నాం. వానలు వచ్చేసరికి మనిషి చొక్కాలో లేడు, చొక్కానే మనిషి మీద వేలాడుతోంది. డాక్టరు తూకం చూసి, తిండి ఇట్లాగే తగ్గుతూ పోతే ఇంక మందులు కూడా ఏమీ చేయలేవని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. బలానికని ఒక పొడి రాసిచ్చాడు. నాయన దాన్ని కూడా మూడు గుటకలు తాగి మొహం తిప్పుకున్నాడు.

ముసురులో ఒక సాయంత్రం నా భార్య పచ్చి వేరుశనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టింది. చలికాలంలో మా ఇంట్లో దీన్ని మించిన సుఖం లేదు. వేడికాయలు ఒళ్ళో పోసుకుని వాన చూస్తూ గింజలు నోట్లోకి, తొక్కలు పక్కకి వేస్తూ కూర్చుంటాం. నాయన మంచం మీద కూడా ఒక గిన్నెడు పెట్టి, ఒలిచి పెడదాంలే అనుకుంటూ మేమిద్దరం వంటింట్లోకి పోయి ఏదో మాటల్లో పడ్డాం. వచ్చి చూస్తే గిన్నె ఖాళీ. మంచం కింద తొక్కల కుప్ప. ఎడమచేత్తో కాయ పట్టుకుని, పళ్ళతో చీల్చుకుని అన్నీ తినేశాడు.

ఆకలి లేదన్న మనిషివి మంచంకోళ్ళు కూడా ఒలుచుకు తినేట్టున్నావే అని నవ్వాను. ఆయన నవ్వలేదు. గోడ వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పాడు.

"ఆకలి లేక కాదురా. కోడలు నోట్లో పెడతా ఉంటే ముద్ద దిగదు. ఆ యమ్మ కూడు ఆడ చల్లారిపోతా ఉంటాది, నేను ఈడ నమలతా కూచోవాల్నా?"



అయితే ఎడమచేత్తోనే అన్నం తినమన్నాను. కాయలకు పనికొచ్చిన చెయ్యే కదా. ఆ చెయ్యి దేనికి వాడతానో నీకు తెల్దా అని కసిరాడు. కాయలకు తొక్క అడ్డం ఉంటుంది, అన్నానికి ఏముంటుంది అని ఆయన న్యాయం. స్టీలు చెంచా తెచ్చి కుడివేళ్ళ మధ్య పెట్టాం. సన్నటి కాడ కదా, నోటి దగ్గరికి పోయేసరికి గిర్రున తిరిగింది. పప్పన్నం గడ్డం మీదుగా ఒళ్ళోకి జారింది. రెండోసారి పెట్టనివ్వలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చినప్పుడు ఆయన దొడ్లోకి పోతుంటే చూశాను. కర్ర కుడిచేతిలో ఉంది. ఎడమచేతికి మార్చుకోమని ఆస్పత్రిలో చెప్పారు, మేమూ చెప్పాం. గొర్రెలు కాసినన్నాళ్ళూ కర్ర పట్టిన చెయ్యి అదేనని ఆయన వినలేదు. ఎడమచేత్తో కుడివేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుని కర్ర దూర్చుకుంటాడు, వేళ్ళు దాన్ని బిగించేస్తాయి. కర్ర తిరగదు, జారదు. అంటే లావుపాటి వస్తువు ఆ చేతిలో నిలుస్తుంది. చెంచాకు కర్రంత పిడి ఉంటే సరిపోతుంది.

ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఏడో తరగతి సగంలో నేను బడి మానేసినప్పుడు పంతులు పెద్దగా బాధపడకపోవడానికి కారణం ఇప్పుడు తెలుస్తోంది.

చెంచాలు చెక్కడం నాకు కొత్త, చూడడం పాత. ఉదయగిరిలో కొండ కర్రతో చెంచాలు చేసే ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు కర్ర మోపులతో నా ఆటో ఎక్కుతారు. వాళ్ళ చేతుల్లో పని ఎంత తేలిగ్గా కనిపిస్తుందంటే, చాకు ఉంటే చాలు, చెంచా దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను. గాలివానకు మా సందు చివర ఒక వేపకొమ్మ విరిగిపడి ఉంది. అది ఈడ్చుకొచ్చి, రంపం, చాకు, ఆకురాయి ముందేసుకుని వసారాలో కూర్చున్నాను.

మొదటిది చూసి నా భార్య, వీపు గోక్కోడానికి బాగుంటుందంది. రెండోదానికి గుంట తవ్వుతుంటే అడుగు ఊడింది. ఇది జల్లెడా అని అడిగింది. మంచం మీద నుంచి నాయన అప్పటిదాకా ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేక, చాకు కడుపు వైపుకు లాగితే చెంచా కంటే ముందు పేగులు బయటికొస్తాయని హెచ్చరించాడు. గొర్రెల వెంట ఉన్న రోజుల్లో ఆయన కర్రల మీద తీగలూ పూలూ చెక్కేవాడని అప్పుడు గుర్తొచ్చింది. మూడో చెంచాను ఆయన నోటితో చెక్కాడు, నేను చేత్తో చెక్కాను. తిట్లు కలిపి చూస్తే ఎక్కువ శ్రమ ఆయనదే.

పిడి కర్ర లావున వచ్చింది. ఆకురాయితో నున్నగా రుద్ది, కొబ్బరినూనె పట్టించాను. మధ్యాహ్నం నా భార్య అన్నంలో పప్పుచారు వేడిగా కలిపి, వెడల్పు గిన్నెలో ఆయన ముందు పెట్టింది. ఆయన వేళ్ళు విప్పుకుని చెంచా దూర్చుకున్నాడు. మేమిద్దరం చూడనట్టు టీవీ వైపు తిరిగి కూర్చున్నాం. కరెంటు పోయి అప్పటికి రెండు రోజులు, అయినా నల్లటి టీవీని కళ్ళప్పగించి చూశాం. మొదటి చెంచా మీసానికి తగిలింది. రెండోది నోట్లోకి పోయింది. అరగంట పట్టింది కానీ గిన్నె ఖాళీ అయింది. ఆ రాత్రి కూడా అంతే, మర్నాడు కూడా అంతే.

మూడో రోజు సాయంత్రం నా భార్య మిరియాల చారు కాస్తోంది. రుచి చూడడానికి, కడిగి పెట్టిన ఆ చెంచా చేతికి తగిలితే, దాన్నే చారులో తిప్పి నోట్లో పెట్టుకుంది. మరుక్షణం దొడ్లోకి పరుగెత్తి ఉమ్మేసి, నాలుగు చెంబుల నీళ్ళు పుక్కిలించింది. నేను కూడా నాకి చూశాను. చారు కాదది, కషాయం.

వేప చేదని తెలియని మనిషి మా జిల్లాలో పుట్టి ఉండడు. దాని పుల్లతోనే పళ్ళు తోముకుంటూ పెరిగాను. కానీ పుల్ల వేరు, చెంచా వేరు, చెక్కి నూనె రాస్తే చేదు పోతుందని నాలోని వడ్రంగి తీర్మానించాడు. పచ్చి కర్రకు వేడి తగిలేసరికి ఉన్నదంతా కక్కింది. మూడు రోజులుగా మా నాయన ప్రతి పూటా అదే తింటున్నాడు.

"చేదు కూడు తింటా మూడు దినాలు గమ్మునుంటివే. చెప్పకూడదా నాయనా?"

"చెప్తే చెంచా తీసేస్తారని."

తప్పు తనదే అయినట్టు ఇంకో మాట కలిపాడు.

"నా చేత్తో నేను తింటన్నా గదరా. చేదైతే ఏంది."

ముసురు విడిచాక మొదటి ట్రిప్పులోనే వేప చెంచాను ఉదయగిరికి తీసుకుపోయాను. నా ఆటోలో తరచుగా వచ్చే చెంచాల పనామె ఒకావిడ ఉంది, అక్కా అన్నట్టు ఆపా అని పిలుస్తాను. వాకిట్లో ఎండలో కూర్చుని చెక్కుతోంది. చెంచా చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఎవరు చేసినారు భాయ్?"

"మా ఊళ్ళో ఒక తెలివైనోడు, ఆపా."

"ఆయన్ని ఆటో తోలుకోమని చెప్పు."

తర్వాత సంగతంతా విని, నవ్వు ఆపి, నా కుడి మణికట్టు తిరగకుండా పట్టుకుని, ఉత్త చేత్తోనే అన్నం తిన్నట్టు చేయమంది. చేశాను. నోటిదాకా పోదు, చెంప దగ్గరే ఆగుతుంది. అందుకే చెంచా తల ఎడమపక్కకు తిరిగి ఉండాలంది. గుంట లోతు ఉంటే పెదవికి అందదు, పల్చగా ఉండాలంది. నీడలో ఎండిన బిక్కి అనే కొండ కర్ర ముక్క ఒకటి వెతికి, దాని మీద పెన్సిలుతో గీసిచ్చింది. మీరే చెక్కి పెట్టండని బతిమాలాను. తాను చెక్కితే పొద్దు గూకకముందే అయిపోతుందంది. కానీ మంచం మీద నుంచి మా నాయన చాకు పట్టు నేర్పించిన సంగతి నేను అంతకు ముందే నోరు జారి ఉన్నాను. కర్ర నా చేతిలో పెట్టి, ఆయనకే తీసుకుపొమ్మంది.

అప్పటికి ధనుర్మాసం. పొద్దున మంచు విడిచేదాకా ఉదయగిరి కొండ కనిపించదు, నా ఆటో తొందరగా కదలదు. ఆ మంచు వేళంతా మాకు చెంచా పని. నేను చాకు పెట్టిన చోట ఆయన వంక పెడతాడు. చాకు పని అయ్యాక కర్రను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో ఆకురాయి పట్టి ఆయనే రుద్దడం మొదలుపెట్టాడు. ఎండ ఎటు జరిగితే మంచం అటు జరపాలి. రెండు వారాలు పట్టింది. చివర్లో పిడి మీద సూదిమొనతో ఏదో గీకాడు. కుక్క బాగుంది మామా అంది నా భార్య. అది పొట్టేలనీ, కొమ్ములు కనిపించనివాళ్ళు కళ్ళాస్పత్రికి పోవాలనీ ఆయన అన్నాడు.

దాంతో మొదటిసారి తిన్నది వంకాయ పులుసు, అన్నం. చెంచా తిన్నగా నోట్లోకి పోయింది, మీసం తడవలేదు. ఒకసారి నమిలాడు. రెండోసారి నమిలాడు. చెంచా గిన్నెలో ఆపాడు. ఈ కర్ర కూడా చేదేమో అనుకున్నాను.

"ఏమ్మా, పులుసులో ఉప్పేసినావా?"

నా భార్య గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. "డాక్టరు తగ్గించమన్నాడు మామా. ఆర్నెల్లుగా ఇంతే ఏస్తన్నా."

"ఆర్నెల్లుగా చప్పగానే ఉండాది. ఇప్పుడు చెప్తన్నా."

ఆమె నా వైపు చూసింది. తినిపించినన్నాళ్ళూ ఆయన ఆమె వంటకు ఒక్క వంక పెట్టలేదు, అదేదో కొత్తగా వచ్చిన మంచితనమని మేము అనుకుంటూ ఉన్నాం. ఆమె లోపలికి పోయి నిమ్మచెక్క తెచ్చి గిన్నెలో పిండి, ఇంతకు మించి ఇచ్చేది లేదని చెప్పి నిలబడింది. ఆయన కలుపుకుని తిని, పులుపు ఎక్కువైందన్నాడు. గిన్నె అడుగు గీకి, ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు.